ముసలోళ్ల లెక్క ఏ బుక్కులో ఉన్నది?



పొదుపు, అప్పు, వసూలు లెక్కలు ఈ నివేదికలో ముందు పేజీల్లో ఉన్నాయి. ఆ అంకెల్లో కనపడని సంగతి ఒకటుంది. కిస్తు ఎందుకు ఆగిందని సంఘం మీటింగులో అడిగితే "అత్త మంచాన పడ్డది, పనికి పోతలేను" అనే జవాబు ఎన్నిసార్లు విన్నామో మనకే తెలుసు. ముసలివాళ్లను చూసుకోవడం ఇంటి పని అనుకుంటాం. ఇంటి పని అంటే ఆడవాళ్ల పని అనుకుంటాం. మాట అక్కడితో ఆగిపోతుంది. ఇది ఊరి పని కూడానా? మన బల్దియాకు దీంట్లో బాధ్యత ఉన్నదా? ఉంటే దాన్ని ఎవరు, ఎప్పుడు అడిగారు? ఈ వ్యాసం ఆ చరిత్ర గురించే.

లాలాగూడ నుంచే మొదలుపెడదాం. ఇక్కడ రైల్వే వర్క్‌షాపు 1893లో వచ్చింది. అప్పుడు అది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీది. 1930లో ఆ రైల్వేను నిజాం సర్కారు తీసుకున్నది. 1951లో అది భారత రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. వర్క్‌షాపు చుట్టూ క్వార్టర్లు, క్వార్టర్ల చుట్టూ బస్తీలు పెరిగాయి. రైల్వేలో 1957 నవంబర్ నుంచి పింఛను పథకం వచ్చింది. 1964 నుంచి భర్త పోతే భార్యకు ఫ్యామిలీ పింఛను వచ్చింది. పెద్ద రోగమొస్తే రైల్వే దవాఖాన ఉండనే ఉంది. గోడకు ఆ పక్క ముసలామెకు నెలనెలా డబ్బు, చూసే డాక్టరు ఉన్నారు. గోడకు ఈ పక్క, ఆ క్వార్టర్లలోనే ముప్పై ఏళ్లు గిన్నెలు తోమిన ముసలామెకు అవేవీ లేవు. ఇద్దరి మోకాళ్లూ ఒకటే తీరుగ నొస్తాయి. మొదటామె పేరు ఒక రిజిస్టరులో ఉంది, రెండో ఆమె పేరు ఎక్కడా లేదు. తేడా అంతే, కానీ ఆ తేడాలోనే బతుకంతా ఉంది.

ఆ రెండో పేరు రాయాల్సింది ఎవరు?

మున్సిపాలిటీ అనే పద్ధతి మనకు బ్రిటిష్ వాళ్ల దగ్గర నుంచి వచ్చింది. వాళ్ల దేశంలో 1601 నుంచే ఒక చట్టం ఉండేది. ఊరూరా పేదల మీద అజమాయిషీకి మనుషులను నియమించి, ఊళ్లోనే పన్ను వసూలు చేసి, పని చేయలేని ముసలివాళ్లను, రోగులను పోషించాలని ఆ చట్టం చెప్పింది. అది దయగల చట్టమేమీ కాదు. 1834 తర్వాత పేదలను పని ఇళ్లలో పెట్టి ఎంత అవమానించారో వాళ్ల పుస్తకాల్లోనే ఉంది. కానీ బాధ్యత ఎవరిదో మాత్రం తేలింది. 1948లో ఆ పాత చట్టం పోయి, ముసలివాళ్లకు, వికలాంగులకు ఆశ్రయం ఇవ్వడం అక్కడి స్థానిక కౌన్సిళ్ల విధి అయింది. 2000 నాటి చట్టంతో ఎన్నికైన సభ్యులే కమిటీగా కూర్చుని, ఈ సేవలు ఎట్లా నడుస్తున్నాయో చెప్పమని అధికారులను పిలిచి అడిగే పద్ధతి వచ్చింది.

మన దేశానికి వచ్చేటప్పుడు వాళ్లు మోరీల చట్టం తెచ్చారు, చెత్త చట్టం తెచ్చారు, ఇంటి పన్ను తెచ్చారు. పేదల చట్టం మాత్రం తేలేదు. ముసలివాళ్లను కుటుంబం, కులం, గుడి, మసీదు, చర్చి చూసుకుంటాయిలే అనుకున్నారు. సికింద్రాబాద్‌లో దిక్కులేని వృద్ధులకు ఆశ్రమం పెట్టింది కూడా బల్దియా కాదు, లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే క్రైస్తవ సన్యాసినులు. మంచి పనే. అయితే అక్కడ చోటు దొరికితే అదృష్టం, దొరకకపోతే అడగడానికి హక్కు లేదు.

హైదరాబాద్‌లో మున్సిపల్ పాలన 1869లో, మొదటి సాలార్ జంగ్ కాలంలో మొదలైంది. సికింద్రాబాద్‌కు వేరే మున్సిపాలిటీ 1945లో వచ్చింది. 1950లో రెండూ కార్పొరేషన్లయ్యాయి. 1960లో సికింద్రాబాద్ కార్పొరేషన్‌ను హైదరాబాద్‌లో కలిపేశారు. అప్పటి నుంచి నడుస్తున్నది 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం. ఆ చట్టంలో పనులు రెండు రకాలు: తప్పక చేయాల్సినవి, కావాలనుకుంటే చేయవచ్చునన్నవి. మోరీలు, దీపాలు, రోడ్లు, చెత్త మొదటి రకం. చేయకపోతే అడగొచ్చు. సంక్షేమం పనుల్లో చాలా మటుకు రెండో రకం. ఇంట్లో కూడా ఇంతే కదా, వీలైతే చేద్దామన్న పని ఎప్పుడు అయింది?

అట్లని బల్దియాలో మనసున్న వాళ్లు లేరని కాదు. రాణి కుముదినీ దేవి కథ మన పిల్లలకు చెప్పాల్సినది. ఆమె హైదరాబాద్‌కు మొదటి మహిళా మేయర్, 1962లో ఆ కుర్చీలో కూర్చున్నారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1958లో, కుష్ఠు రోగుల కోసం కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం ఆమె చొరవతో మొదలైంది. కుష్ఠు అంటే ఇంటివాళ్లే గడప దాటించే రోజులవి. నయమైన వాళ్లకు కూడా కిరాయికి ఇల్లు దొరికేది కాదు. అటువంటి చోట కేంద్రం పెట్టి దశాబ్దాల పాటు నిలబెట్టిన మనిషి నగరానికి మేయరయ్యారు. ఇట్లాంటి అవకాశం ఏ నగరానికీ మళ్లీ మళ్లీ రాదు. అయినా ఆ కేంద్రం ట్రస్టుగానే నడిచింది, బల్దియా శాఖ కాలేదు. నా ఉద్దేశంలో ఇందులో ఆమె లోపమేమీ లేదు. చట్టంలో తప్పనిసరి కానిదాన్ని ఒక మేయర్ మంచితనం తప్పనిసరి చేయలేదు. కుర్చీ మారగానే కొత్త మనిషికి కొత్త పని ముందుకొస్తుంది.

బల్దియా తనంతట తాను బస్తీలోకి వచ్చి "మీకేం కావాలె?" అని అడిగింది 1967లో. అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్, మనం యూసీడీ అంటున్నామే, అది ఆ ఏడు పాతబస్తీలో చిన్న ప్రాజెక్టుగా మొదలైంది. పైనుంచి పథకం తెచ్చి పడేయడం కాకుండా, బస్తీవాళ్లు కూర్చుని తమకు కావాల్సింది తేల్చుకోవాలి, తమ వంతు చేయాలి, మిగతా సాయం బల్దియా ఇస్తుందన్నది వాళ్ల పద్ధతి. మహిళా మండళ్లు, బాల్వాడీలు, కుట్టు సెంటర్లు అట్లా వచ్చాయి. 1976 నుంచి యునిసెఫ్ సాయం అందింది. 1983 నుంచి బ్రిటన్ ప్రభుత్వ సాయంతో బస్తీల్లో రోడ్లు, మోరీలు, నల్లాలు, కమ్యూనిటీ హాళ్లు వచ్చాయి. హైదరాబాద్ యూసీడీని చూడడానికి బయటి దేశాల వాళ్లు వచ్చేవాళ్లు. ఇవాళ మన సంఘాలు, బస్తీ సమాఖ్యలు, బ్యాంకు లింకేజీ అన్నీ ఆ చెట్టు కొమ్మలే.

ఇంకో సంగతి గమనించాలి. 1986లో ఎన్నికైన పాలకమండలి గడువు తీరాక 2002 దాకా మన నగరానికి బల్దియా ఎన్నికలే లేవు. పదేళ్లకు పైగా స్పెషల్ ఆఫీసర్లే నడిపారు. అంటే బస్తీ మహిళ చేత పని చేయించుకున్న బల్దియాలో ఆమె ఓటు వేసిన మనిషి లేడు. పని జరిగింది, అడిగే నోరు లేదు. ఈ రెండూ ఒకటి కాదని మనం సంఘాల్లోనే నేర్చుకున్నాం. లెక్కలు రాసే మనిషి ఎంత మంచిదైనా నెలనెలా బుక్కు చదివి వినిపించాల్సిందే కదా.

యూసీడీ చూపు తల్లీబిడ్డల మీద ఉండేది. యునిసెఫ్ డబ్బు పిల్లల కోసం వచ్చేది కాబట్టి అది సహజమే. అందుకే బాల్వాడీలో పిల్లల తూకం రాసే పుస్తకం ఉండింది గానీ, ఎవరింట్లో ముసలామె నాలుగు రోజులుగా మంచం దిగలేదో రాసే పుస్తకం లేకపోయింది. 1976లో పాతికేళ్ల వయసులో కుట్టు సెంటర్లో మిషన్ తొక్కడం నేర్చుకున్న పిల్లకు ఇప్పుడు డెబ్భై దాటాయి. బల్దియా నేర్పిన పనితో ఇల్లు నడిపి, పిల్లలను చదివించిన తరం అది. వాళ్లకు ఇప్పుడు సూదిలో దారం కనపడదు. వాళ్ల కోసం ఏమున్నదని అడిగితే బల్దియా దగ్గర సూటి జవాబు లేదు.

రాజ్యాంగం మాత్రం జవాబు ఇచ్చింది. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ సవరణతో పన్నెండో షెడ్యూలు చేరింది. పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనులు అందులో 18 ఉన్నాయి. తొమ్మిదోది చూడండి: బలహీన వర్గాల ప్రయోజనాలను, అందులో శారీరక, మానసిక వికలాంగుల ప్రయోజనాలను కాపాడడం. పదోది బస్తీల బాగుసేత, పదకొండోది పట్టణ పేదరికం తగ్గించడం. మూడు లక్షలు దాటిన ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని కూడా అదే సవరణ చెప్పింది. అయితే పనులు అప్పగించాల్సింది రాష్ట్రాలు. పది, పదకొండు ఎంతో కొంత వచ్చాయి. తొమ్మిదో పనిని మాత్రం చాలా చోట్ల ముక్కలు చేసి తలా ఒక శాఖకు పంచారు.

ఆ ముక్కలు మనకు తెలిసినవే. పింఛను సంగతి తీసుకుందాం. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. 2014 నవంబర్‌లో తెలంగాణలో ఆసరా వచ్చి వెయ్యి అయింది, 2019లో 2016 రూపాయలు అయింది. ఇది చిన్న మార్పు కాదు. చేతిలో డబ్బున్న ముసలామెకు ఇంట్లో మాట విలువ పెరిగింది, అది మనమంతా చూశాం. కానీ మన జిల్లాలో ఆ కాగితం తిరిగేది తహసీల్దార్ ఆఫీసు చుట్టూ. వృద్ధాప్య పింఛను ఇంటికి ఒక్కటే. పైగా పింఛను డబ్బు ఇస్తుంది, పక్క మీద అటు నుంచి ఇటు తిప్పదు. తిప్పే చేతులు కోడలివో బిడ్డవో, ఆ చేతుల కూలి ఏ లెక్కలోనూ లేదు.

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో వకీలు లేకుండానే అడగొచ్చు. చూసుకుంటామని ఇల్లు రాయించుకుని వదిలేస్తే, ఆ షరతు కాగితంలో ఉన్నచోట రాసిచ్చిన దస్తావేజును రద్దు చేయించవచ్చు. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది పేద వృద్ధులకు సరిపోయే ఆశ్రమం రాష్ట్రం పెట్టవచ్చని కూడా ఉంది. ఇక్కడా బల్దియా పేరు లేదు, కలెక్టరే అన్నీ. చట్టం మంచిదే, కానీ మన గల్లీ ముసలామె కొడుకు మీద కేసు పెట్టడానికి ఆర్డీవో ఆఫీసుకు పోతుందా? తిట్టుకుంటది, ఏడుస్తది, పోదు. అసలు కొడుకు దగ్గరే లేనప్పుడు కేసు ఎవరి మీద? సాయానికి 14567 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది, అది మాత్రం ప్రతి సంఘం బుక్కు అట్ట మీద రాసి పెట్టుకోండి.

ఇల్లు లేనివాళ్ల విషయంలో బల్దియాను కదిలించింది సుప్రీంకోర్టు. ఆహార హక్కు కేసులో 2010లో, చలికి రోడ్ల మీద మనుషులు చనిపోతున్నారన్న ఫిర్యాదుపై, లక్ష జనాభాకు ఒక ఆశ్రయం చొప్పున ఉండాలన్న కొలత గట్టిపడింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ఈ షెల్టర్ల బాధ్యతను నేరుగా మున్సిపాలిటీల మీద పెట్టింది. మనిషికి యాభై చదరపు అడుగుల చోటు, వృద్ధులకు, మానసిక రోగులకు ప్రత్యేక షెల్టర్లు, ప్రతి షెల్టరుకు ఒక నిర్వహణ కమిటీ, అందులో అక్కడ ఉండేవాళ్లకు కూడా చోటు. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్న పద్ధతి ముసలివాళ్ల విషయంలో ఇంకెక్కడా లేదు. కానీ 2011 జనాభా లెక్కల్లోనే 67 లక్షలు దాటిన నగరానికి అరవైకి పైగా షెల్టర్లు ఉండాలి. అందులో సగం కూడా రాలేదు.

అజమాయిషీ లేకపోతే ఏమవుతుందో 2020 జనవరిలో చూశాం. కీసర మండలం నాగారంలో ఒక ప్రైవేటు వృద్ధాశ్రమం నుంచి పోలీసులు డెబ్భై మందికి పైగా మనుషులను బయటికి తెచ్చారు. చాలామంది మానసిక రోగులు, కొందరిని గొలుసులతో కట్టేశారు. ఇరుగుపొరుగు వాళ్లకు కేకలు వినపడి ఫిర్యాదు చేస్తే బయటపడింది. అది అడవిలో లేదు, ఇళ్ల మధ్యనే ఉంది. ఆ ఇంటికి ఇంటి నంబరు ఉంటుంది, చెత్త బండి వస్తుంది, నల్లా ఉంటుంది. లోపల ఎంతమంది ఉన్నారు, ఎట్లా ఉన్నారు అని చూసే పని మాత్రం ఎవరిదీ కాలేదు. మానసిక రోగులను ఉంచుకునే చోటు రిజిస్టరు చేయించుకోవాలని 2017 చట్టం ఉంది. వృద్ధాశ్రమాలన్నింటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసే సవరణ బిల్లు సరిగ్గా అంతకు నెల ముందే, 2019 డిసెంబర్‌లో, లోక్‌సభ ముందుకు వచ్చింది. అది ఓటుకు రాకుండానే 2024లో ఆ సభతో పాటు మురిగిపోయింది.

ఇదంతా చదివి మన చేతుల్లో ఏముందని అనిపిస్తే, కేరళ వైపు ఒకసారి చూడాలి. అక్కడ 1998లో కుటుంబశ్రీ మొదలైంది. మన సంఘాల వంటిదే, అయల్‌కూట్టం అంటారు, ఇరుగుపొరుగు వాళ్ల గుంపు అని అర్థం. 2002లో వాళ్లు ఆశ్రయ అనే పని ఎత్తుకున్నారు. పథకాలు కూడా చేరని నిరుపేదలను, ఒంటరి ముసలివాళ్లను, పట్టించుకునే దిక్కులేని రోగులను గుర్తించే పని సంఘాల ఆడవాళ్లదే. ఆ జాబితాను పంచాయతీ లేదా మున్సిపాలిటీ ముందు పెడతారు. దానికి బడ్జెట్లో డబ్బు పెట్టడం వాళ్ల వంతు. 2008లో ఆ రాష్ట్రం మంచాన పడ్డ రోగుల సంరక్షణకు ఒక విధానం తెచ్చి, స్థానిక సంస్థలే నర్సును పెట్టి ఇంటింటికీ పంపే ఏర్పాటు చేసింది. కేరళలో సంపాదన వేరు, చదువు వేరు, పంచాయతీలకు ఇచ్చిన అధికారం వేరు, నిజమే. అయితే జాబితా రాయడానికి అవేవీ అడ్డం కాదు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో మన గల్లీలో మనకు తెలియదా?

మన బల్దియా ఇప్పుడు ఎక్కడుంది? 2007లో గ్రేటర్ అయింది. 2016, 2020 ఎన్నికల్లో సగం సీట్లు మహిళలవి. 2021 ఫిబ్రవరిలో మేయర్, డిప్యూటీ మేయర్ ఇద్దరూ మహిళలే అయ్యారు. ఆ డిప్యూటీ మేయర్ అప్పుడు మన పక్కనే ఉన్న తార్నాక డివిజన్ కార్పొరేటర్. 2023 జూన్‌లో డివిజన్‌కు ఒకటి చొప్పున 150 వార్డు ఆఫీసులు తెరిచారు. దోమలకు ఒక మనిషి, చెట్లకు ఒక మనిషి, రోడ్లకు ఒకరు, ఇళ్ల నిర్మాణాలకు ఒకరు, కరెంటుకు, నల్లాకు ఒక్కొక్కరు ఉంటారన్నారు. ముసలివాళ్లకని ప్రత్యేకంగా ఎవరూ లేరు. అయితే ఆ పదిమందిలో ఒకరు యూసీడీ కమ్యూనిటీ ఆర్గనైజర్, అంటే మన సంఘాలకు వచ్చే మనిషే. 1967లో వేసిన విత్తనం ఈ ఒక్క కుర్చీ రూపంలో వార్డు దాకా వచ్చింది. వికలాంగులు ఐదుగురున్నా సంఘం పెట్టుకోవచ్చని మిషన్ నిబంధన ఉంది. వృద్ధుల సంఘాలు కూడా యూసీడీ పెట్టిస్తున్నది. కాబట్టి తలుపు మూసి లేదు. కానీ మనం ఆ తలుపు దగ్గరికి ఇప్పటిదాకా లోను కాగితాలతోనే పోయాం.

వచ్చే ఏడు సమాఖ్య సమావేశాల్లో చర్చకు పెట్టడానికి కొన్ని మాటలు రాస్తున్నాను. ప్రతి సంఘం తన గల్లీలో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లను, మంచాన ఉన్నవాళ్లను, వాళ్లను చూసుకోవడానికి పని మానుకున్న ఆడవాళ్లను ఒక బుక్కులో రాయాలి. పింఛను వస్తుందా, మందులు ఎవరు తెస్తున్నారు, రాత్రి పక్కన ఎవరుంటారు అన్న మూడు గళ్లు చాలు. చూసుకునే మనిషికి ఇంకో గడి పెట్టాలి, ఎందుకంటే మన సభ్యురాలు ఆమె. పేర్లు బయటి వాళ్లకు చూపొద్దు, సంఖ్య మాత్రం వార్డు ఆఫీసుకు తీర్మానం రాసి ఇవ్వాలి, అందినట్టు సంతకం తీసుకోవాలి. డివిజన్‌లో ఎన్ని వృద్ధాశ్రమాలున్నాయి, ఎవరు చూసి వచ్చారు, ఎప్పుడు చూశారు అని అదే కాగితంలో అడగాలి. షెల్టర్ నిర్వహణ కమిటీలో సంఘం మహిళకు ఒక చోటు అడగాలి. కార్పొరేటర్ ఉన్న కాలంలో ఆమెను లేదా ఆయనను కౌన్సిల్లో ఇదే ప్రశ్న వేయమనాలి. పాలకమండలి లేని కాలంలో అదే కాగితం స్పెషల్ ఆఫీసర్‌కు పోవాలి, జవాబు వచ్చిందా రాలేదా అన్నది మన మినిట్స్ బుక్కులో ఎక్కాలి.

బుక్కు మొదటి పేజీ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, వెనకట యూసీడీ కుట్టు సెంటర్లలో, మహిళా మండళ్లలో పనిచేసిన పెద్దమనుషుల ఇళ్లతో మొదలుపెట్టండి. ఏ బస్తీలో ఎవరు ఎక్కడుంటారో వాళ్లకే బాగా తెలుసు. వాళ్లు చెబుతుంటే మనం రాసుకోవచ్చు.